ఇనిక్వాలిటీ అన్న మాటను చైనీస్ వాళ్లకు ఎలా చెప్పాలి? "బు పింగ్‌డెంగ్" అని చెబితే సరిపోవట్లేదు

షాంఘై_పద్మ
మేం షాంఘై వచ్చి నాలుగేళ్లయింది. మా అపార్ట్‌మెంట్‌లో ముగ్గురు ఆడవాళ్లం ప్రతి మంగళవారం సాయంత్రం కూర్చుంటాం. గంటసేపు వాళ్లకు నేను ఇంగ్లీషు చెబుతాను, ఇంకో గంట వాళ్లు నాకు చైనీస్ చెబుతారు. ఇద్దరిలో ఒకావిడ ఐఈఎల్‌టీఎస్‌కి చదువుతోంది. ఆ ఇంగ్లీషు పరీక్షను ఇక్కడ యాసి అంటారు. పోయిన వారం ఆవిడ రాసిన వ్యాసంలో ఇనిక్వాలిటీ (అసమానత) అన్న మాట తొమ్మిదిసార్లు వచ్చింది. ఆరు చోట్ల ఎర్ర పెన్ను పెట్టాల్సి వచ్చింది. కొన్ని ఇవి:

"ఇట్ ఈజ్ ఎన్ ఇనిక్వాలిటీ సొసైటీ"
"అన్‌ఈక్వాలిటీ ఈజ్ బికమింగ్ బిగ్గర్"
"గవర్నమెంట్ షుడ్ సాల్వ్ ద ఇనిక్వాలిటీ"
"దేర్ ఈజ్ ఇనిక్వాలిటీ బిట్వీన్ మై హైట్ అండ్ మై సిస్టర్స్ హైట్"

ఆవిడ ఫోన్‌లో డిక్షనరీ తీసి చూపించింది. ఇనిక్వాలిటీ అంటే "బు పింగ్‌డెంగ్" అని ఉంది, అంతే. "నేను డిక్షనరీలో ఉన్నట్టే రాశాను కదా, తప్పేంటి" అని అడిగింది. చదివితే తప్పని తెలుస్తోంది కానీ ఎందుకు తప్పో చెప్పలేకపోయాను. మంగళవారం లోపు ఏదైనా చెప్పండి.

గుంటూరు_లెక్కలు
నేను ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పాను. నన్నడిగితే గుర్తుతోనే మొదలుపెట్టు తల్లీ. బోర్డు మీద 5 > 3 రాయి. ఇదే ఇనిక్వాలిటీ అని చెప్పు. మన తెలుగు మీడియం పుస్తకాల్లో దాన్ని అసమీకరణం అంటాం. రెండు పక్కలూ సమానం కాకపోతే ఇనిక్వాలిటీ. భాష ఏదైనా గుర్తు ఒకటే. సమానం గుర్తును 1557లో రాబర్ట్ రికార్డ్ పెట్టాడు. రెండు సమాంతర రేఖల కంటే సమానమైనవి వేరే ఏముంటాయని ఆయన వాదన. ఎక్కువ, తక్కువ గుర్తులు 1631లో వచ్చిన థామస్ హారియట్ పుస్తకంలో కనిపిస్తాయి, అప్పటికి ఆయన పోయి పదేళ్లు.

వరంగల్_వేణు
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే కాదంటున్నా. పద్మగారి స్నేహితురాలు ఎత్తుల గురించి తప్పు రాసింది సరిగ్గా ఇందుకే. ఆమె ఎత్తు 158, చెల్లెలి ఎత్తు 165. లెక్క ప్రకారం అది అసమీకరణమే. కానీ ఇంగ్లీషులో మనుషుల ఎత్తుల మధ్య ఉండేది డిఫరెన్స్. ఇనిక్వాలిటీ అంటే అక్కడ ఎవరికో తక్కువ చేశారని ధ్వని.

పైగా చైనీస్‌లో ఈ రెంటికీ వేర్వేరు మాటలున్నాయి. లెక్కల్లో వచ్చేది బు డెంగ్ షి. సమాజంలో ఉండేది బు పింగ్‌డెంగ్. వాళ్లకు ఉన్న రెండు పెట్టెలను మీరు ఒక పెట్టెలో పోస్తున్నారు. పత్రికలో అనువాదం చేస్తాను కాబట్టి రోజూ ఇదే గొడవ నాకు.

గుంటూరు_లెక్కలు
ఎత్తుల సంగతి ఒప్పుకున్నా. కానీ ఒక పెట్టెలో పోసింది నేను కాదు నాయనా, ఇంగ్లీషే. వాళ్లకు రెండు మాటలున్న చోట ఇంగ్లీషుకు ఒక్కటే ఉందని ముందే చెప్పాలి కదా? లేకపోతే కాలేజీలో త్రిభుజ అసమీకరణం, కోషీ అసమీకరణం ఇంగ్లీషులో చూసి ఇదేదో సాంఘిక సమస్య అనుకుంటారు.

సిరి_సిరిసిల్ల
త్రిభుజంలో రెండు భుజాలు కలిసి మూడోదాని కంటే పెద్దవి. మూడో భుజానికి అన్యాయం జరిగింది మాస్టారూ 😄

సింగపూర్_లక్ష్మి
ఇక్కడ పెద్దవాళ్లకు సాయంత్రం ఇంగ్లీషు క్లాసులు చెబుతాను. ఎక్కువమంది చైనీస్ మాట్లాడేవాళ్లే. పద్మా, నీ నాలుగు వాక్యాల్లో ఉన్నవి నాలుగు వేరువేరు జబ్బులు. అన్నింటికీ ఒకే మందు వేయకు.

మొదటిది: ఇనిక్వాలిటీ సొసైటీ. చైనీస్‌లో బు పింగ్‌డెంగ్ విశేషణం, నామవాచకం రెండూ అవుతుంది. రూపం మారదు. అందుకే "బు పింగ్‌డెంగ్ సమాజం" అన్నట్టే ఇంగ్లీషులో పెట్టేసింది. అక్కడ అన్‌ఈక్వల్ సొసైటీ అనాలి.

దీనికి వాళ్లకు బాగా ఎక్కే ఉదాహరణ ఒకటుంది. స్కూల్లో చరిత్ర చదివిన ప్రతి చైనీస్ పిల్లకూ "బు పింగ్‌డెంగ్ థ్యావ్‌యుయె" తెలుసు. బ్రిటన్‌తో నల్లమందు యుద్ధం జరిగాక చైనా మీద రుద్దిన ఒప్పందాలు. మా క్లాసులో ప్రతి బ్యాచ్‌లో ఒకరైనా "ఇనిక్వాలిటీ ట్రీటీస్" అని రాస్తారు. ఇంగ్లీషులో వాటి పేరు అన్‌ఈక్వల్ ట్రీటీస్. మొదటిది 1842లో నాన్‌జింగ్ ఒప్పందం. హాంకాంగ్ దీవి పోయింది, ఐదు రేవులు తెరవాల్సి వచ్చింది. ఆ ఐదింటిలో మీ షాంఘై ఒకటి. ఈ కథ చెప్పి "ట్రీటీ ఎలాంటిది? అన్‌ఈక్వల్. ఆ ట్రీటీలో ఏముంది? ఇనిక్వాలిటీ" అని పక్కపక్కన రాయించు. మర్చిపోరు.

డాక్టర్_నాన్‌జింగ్
అక్కా, నేను ఎంబీబీఎస్ నాన్‌జింగ్‌లోనే చేశాను. అక్కడ జింగ్‌హై గుడిలో ఈ ఒప్పందం మీద ప్రదర్శనశాల ఉంది, మా క్లాస్‌మేట్స్ తీసుకెళ్లారు. గోడల మీద బు పింగ్‌డెంగ్ అన్న అక్షరాలు చూసీ చూసీ నాకు చైనీస్‌లో బాగా గుర్తున్న మాటల్లో అదొకటైపోయింది. మీరు చెప్పినట్టు ఆ మాట వినగానే వాళ్లకు అవమానం గుర్తొస్తుంది, పుస్తకంలో మాటలా ఉండదు.

షాంఘై_పద్మ
లక్ష్మక్కా, ఇది బాగుంది. మిగతా మూడూ చెప్పు. ముఖ్యంగా అన్‌ఈక్వాలిటీ. నిజం చెప్పాలంటే నాకూ అది తప్పనిపించలేదు మొదట. అన్‌ఈక్వల్ అయినప్పుడు అన్‌ఈక్వాలిటీ ఎందుకు కాదు?

వరంగల్_వేణు
దీనికి నేను చెబుతా. అన్ అనేది ఇంగ్లీషు సొంత ఉపసర్గ. ఇన్ లాటిన్‌ది. ఈక్వల్ అన్న విశేషణం ఇంగ్లీషులో బాగా కలిసిపోయాక దానికి ఇంటి ఉపసర్గ అతికించారు. నామవాచకం మాత్రం లాటిన్‌లోంచి, ఫ్రెంచి మీదుగా, ఉపసర్గతో సహా మొత్తంగా దిగింది. మనకు "సమానం కాని" అన్నది తెలుగు పద్ధతి, "అసమానం" అన్నది సంస్కృత పద్ధతి. రెండూ వాడతాం కానీ కలిపి "అసమానం కాని" అంటే అర్థం తిరగబడుతుంది. అలాంటిదే.

ఇది ఒక్క మాటకే కాదు, ఒక కుటుంబం ఉంది. జంటలుగా చదివించండి:
అన్‌ఈక్వల్, ఇనిక్వాలిటీ
అన్‌జస్ట్, ఇన్‌జస్టిస్
అన్‌స్టేబుల్, ఇన్‌స్టెబిలిటీ
అన్‌ఏబుల్, ఇనెబిలిటీ

చైనీస్‌లో ఈ నాలుగింటికీ, రెండు రూపాలకూ, ముందు "బు" (కాదు) ఒక్కటే పెట్టి నెట్టుకు రావచ్చు. అందుకే తేడా వాళ్ల చెవికి ఆనదు.

తిరుపతి_గ్రూప్స్
అన్‌ఫెయిర్‌కి అన్‌ఫెయిర్‌నెస్ అనే అంటారు కదా అన్నా, ఇన్‌ఫెయిర్‌నెస్ అనరు. సూత్రం నిలబడదు.

వరంగల్_వేణు
నెస్ కూడా ఇంగ్లీషు సొంత ప్రత్యయమే. ఇంటి తల, ఇంటి తోక. చివర ఇటీ వస్తే ముందు ఇన్ వచ్చే అవకాశం ఎక్కువ.

సింగపూర్_లక్ష్మి
అన్‌పాపులారిటీ. చివర ఇటీనే ఉంది, ముందు అన్ ఉంది. వేణూ, సూత్రం చెబితే పిల్లలు సూత్రాన్ని పట్టుకుని కొత్త తప్పులు చేస్తారు. జంటలు బట్టీ పట్టించడమే మేలు, కారణం అడిగినవాళ్లకు మాత్రం కారణం చెప్పు.

వరంగల్_వేణు
అన్‌పాపులారిటీ ముందు ఓడిపోయాను. "అవకాశం ఎక్కువ" అన్నాను కాబట్టి సగం గెలిచాను.

సింగపూర్_లక్ష్మి
మూడో జబ్బు క్రియలు. "సాల్వ్ ద ఇనిక్వాలిటీ" చైనీస్ నుంచి నేరుగా వచ్చింది. వాళ్లకు "జియెజ్యుయె" అన్న క్రియ ఉంది, సమస్య ఏదైనా దాంతోనే పరిష్కరిస్తారు. ఇంగ్లీషులో ప్రాబ్లమ్‌ను సాల్వ్ చేస్తాం. ఇనిక్వాలిటీని రెడ్యూస్ చేస్తాం, టాకిల్ చేస్తాం, అడ్రస్ చేస్తాం. (లెక్కల మాస్టారు మాత్రం సాల్వ్ చేయవచ్చు! లెక్కల్లో సాల్వ్ ద ఇనిక్వాలిటీ అన్నది నూటికి నూరు పాళ్లు సరైన వాక్యం.)

అలాగే "బికమింగ్ బిగ్గర్". వాళ్ల "ఖ్వోడా" అంటే పెద్దది చేయడం, విస్తరించడం. అందుకని ఎన్‌లార్జ్ ద గ్యాప్ అని కూడా రాస్తుంటారు. గ్యాప్ వైడెన్స్, గ్యాప్ న్యారోస్. ఇనిక్వాలిటీ రైజెస్, ఫాల్స్. ఫోటోని ఎన్‌లార్జ్ చేస్తాం, అంతరాన్ని కాదు.

గుంటూరు_లెక్కలు
చూశారా, చివరికి నా అసమీకరణం దగ్గరికే వచ్చారు. సాల్వ్ అన్న క్రియ ఎక్కడ సరిపోతుందో, ఎక్కడ సరిపోదో చెప్పడానికైనా రెండు అర్థాలూ ఎదురెదురుగా పెట్టాలి. నేను చెప్పిందీ అదే.

వరంగల్_వేణు
ఈసారి మీదే పైచేయి మాస్టారూ.

హైదరాబాద్_ఎకనామిక్స్
ఆ ఇంగ్లీషు పరీక్షలో వచ్చే గ్రాఫ్‌ల ప్రశ్నకు చైనా అంకెలే ఇచ్చి వాక్యాలు రాయించండి, శ్రద్ధగా రాస్తారు. ఆదాయ అసమానతకు జీనీ సూచిక ఉంటుంది కదా, చైనీస్‌లో జీనీ షీషూ. సున్నా అంటే అందరికీ సమానం, ఒకటి అంటే అంతా ఒక్కరికే. 2013 జనవరిలో చైనా గణాంక సంస్థ పదేళ్ల అంకెలు ఒకేసారి ప్రకటించింది. 2008లో 0.491 ఉన్నది 2012కి 0.474 అయింది. "ఇన్‌కమ్ ఇనిక్వాలిటీ ఫెల్ స్లైట్లీ బిట్వీన్ 2008 అండ్ 2012" అని రాయించండి. ఫెల్ అన్నాం కదా అని తక్కువ ఉందని కాదు, 0.4 దాటితే ఎక్కువనే లెక్కవేస్తారు. స్లైట్లీ అన్న మాట ఎందుకు అవసరమో కూడా అర్థమవుతుంది.

ఇంకోటి. 2023లో పట్నాల్లో తలసరి ఖర్చుపెట్టగల ఆదాయం 51,821 యువాన్లు, పల్లెల్లో 21,691. అంటే 2.39 రెట్లు. ఇక్కడ నేనైతే ఇనిక్వాలిటీ కంటే డిస్పారిటీ వాడతాను. రెండు గుంపులను పక్కపక్కన పెట్టి కొలిచినప్పుడు డిస్పారిటీ బిట్వీన్ అర్బన్ అండ్ రూరల్ ఇన్‌కమ్స్. సమాజం మొత్తాన్ని ఒక్క మాటలో చెప్పేటప్పుడు ఇనిక్వాలిటీ.

షాంఘై_పద్మ
డిస్పారిటీకి చైనీస్‌లో ఏ మాట? ఛాజ్యూ అంటే గ్యాప్ అని నేర్చుకున్నాను. పిన్‌ఫు ఛాజ్యూ అంటే బీదా గొప్పా తేడా అని వార్తల్లో వింటాను.

డాక్టర్_నాన్‌జింగ్
ఛాజ్యూ రెంటికీ నడుస్తుంది. తేడా మరీ ఎక్కువైతే "శ్వాన్‌షూ" అంటారు. బాస్కెట్‌బాల్ ఆటలో ఒక జట్టు బలం ఎక్కువ, ఇంకోటి బక్కది అయితే కామెంటేటర్ నోట ఆ మాట వస్తుంది. అలాంటి చోట ఇనిక్వాలిటీ అస్సలు నప్పదు, డిస్పారిటీ సరిగ్గా సరిపోతుంది.

సిరి_సిరిసిల్ల
అంటే మన హస్తిమశకాంతరం!

గుంటూరు_లెక్కలు
నక్కకీ నాగలోకానికీ ఉన్నంత అనవచ్చు. పద్మా, ఈ సామెత వాళ్లకు చెప్పి వాళ్ల సామెత అడుగు. మాట అలాగే నాటుకుంటుంది.

డాక్టర్_నాన్‌జింగ్
ఇనెక్విటీ గురించి ఎవరూ చెప్పలేదు. మా కమ్యూనిటీ మెడిసిన్‌లో ఇది పెద్ద చర్చ. ఇనిక్వాలిటీ అంటే తేడా ఉంది అని. ఇనెక్విటీ అంటే ఆ తేడా తప్పించదగింది, అయినా తప్పించలేదు, కాబట్టి అన్యాయం అని. ఎనభై ఏళ్ల వాళ్లకు ఇరవై ఏళ్ల వాళ్ల కంటే జబ్బులు ఎక్కువ, అది ఇనిక్వాలిటీ అనిపించుకోవచ్చు కానీ ఇనెక్విటీ కాదు. ఊళ్లో డాక్టరు లేక బాలింత చనిపోతే అది ఇనెక్విటీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన కమిషన్ 2008 నివేదిక నిండా ఈ మాటే. చైనీస్‌లో దీనికి "బు గోంగ్‌పింగ్" దగ్గర. గోంగ్‌పింగ్ అంటే న్యాయం, ఫెయిర్.

మా బ్యాచ్‌లో చైనీస్ పిల్లలు, మన పిల్లలు కూడా దీన్ని ఇనిక్విటీ అని రాసేవాళ్లు. అది పాపం, దుర్మార్గం అన్న అర్థమొచ్చే వేరే మాట. "హెల్త్ ఇనిక్విటీ" అని సెమినార్ స్లైడ్ మీద పెద్ద అక్షరాలతో పడింది ఒకసారి.

సిరి_సిరిసిల్ల
తెలుగులో రాస్తే నకు ఎత్వమా గుడా, అంతే తేడా. ఇనెక్విటీ, ఇనిక్విటీ. చైనీస్ వాళ్లకు ఈ సౌకర్యం లేదు పాపం.

తిరుపతి_గ్రూప్స్
ఒక ప్రశ్న. ఇనిక్వాలిటీస్ అని బహువచనం ఎప్పుడు? మన రాజ్యాంగం 38వ అధికరణం రెండో క్లాజు చదువుతున్నాను, 1978లో 44వ సవరణతో చేర్చింది. "ఇనిక్వాలిటీస్ ఇన్ ఇన్‌కమ్" తగ్గించాలి, "ఇనిక్వాలిటీస్ ఇన్ స్టేటస్, ఫెసిలిటీస్ అండ్ ఆపర్చునిటీస్" తొలగించాలి అని ఉంది. అన్నీ బహువచనాలే. ఎకనామిక్స్ అన్న రాసిన వాక్యంలో ఏకవచనం.

సింగపూర్_లక్ష్మి
మంచి ప్రశ్న. చైనీస్‌లో నామవాచకాలకు మామూలుగా బహువచనం గుర్తు ఉండదు కాబట్టి వాళ్లు దీన్ని అసలు పట్టించుకోరు. మొత్తంగా ఒక స్థితిని చెబితే ఏకవచనం. ఇది ఒకటి, అది ఒకటి అని లెక్కపెట్టగలిగే తేడాలైతే బహువచనం. రాజ్యాంగంలో హోదా, సౌకర్యాలు, అవకాశాలు అని విడివిడిగా ఎంచారు కదా.

రెండూ ఒకేచోట చూడాలంటే ఐక్యరాజ్య సమితి 2015లో పెట్టుకున్న సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో పదోది చూడు. పోస్టర్ మీద పేరు "రెడ్యూస్డ్ ఇనిక్వాలిటీస్". లక్ష్యం పూర్తి వాక్యం "రెడ్యూస్ ఇనిక్వాలిటీ వితిన్ అండ్ అమాంగ్ కంట్రీస్". దీన్ని పద్మ తన వాళ్లకు చూపించవచ్చు. వితిన్, అమాంగ్ కూడా ఉచితంగా వచ్చాయి.

వరంగల్_వేణు
మనకూ ఒక ప్రమాదం ఉంది, పద్మగారూ, మీరు తెలుగులో ఆలోచించి చెబుతుంటే జాగ్రత్త. తెలుగులో "అసమాన ప్రతిభ" అంటే సాటిలేని ప్రతిభ, పొగడ్త. ఒక సన్మాన పత్రం ఇంగ్లీషు అనువాదంలో ఎవరో "అన్‌ఈక్వల్ టాలెంట్" అని రాసేశారు. అది వేదిక మీద చదివేశారు కూడా. అనాల్సింది అన్‌ఈక్వల్డ్. చివర డ్ పోతే మనిషి పరువు పోయింది. "అన్‌ఈక్వల్ టు ద టాస్క్" అంటే ఆ పని చేతకానివాడు అని అర్థం మరి.

గుంటూరు_లెక్కలు
అసమాన, అసమానత. ఒక అక్షరంతో పొగడ్త కాస్తా సమస్య అయిపోయింది. ఇన్నేళ్లలో నేనెప్పుడూ ఇలా ఆలోచించలేదు.

నెల్లూరు_పాళీ
ఆలస్యంగా వచ్చాను. పింగ్‌డెంగ్ అన్న మాట ఎక్కడిదో ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నా. అది బౌద్ధ గ్రంథాల అనువాదాల్లో "సమ", "సమత" అన్న సంస్కృత మాటలకు వాడిన మాట. జపాన్ వాళ్లు అవే అక్షరాలను బ్యోదో అని చదువుతారు. పది యెన్ల నాణెం మీద ఉండే బ్యోదోఇన్ గుడి పేరులో ఉన్నది అదే. రాజకీయ సమానత్వం అన్న అర్థం ఈ మధ్య కాలంలో ఎక్కింది. అంటే మన "సమానత"లో ఉన్న సమ, వాళ్ల పింగ్‌డెంగ్ ఒకచోట కలుస్తాయి. పద్మగారు షాంఘైలో కూర్చుని వాళ్లకు "మీ మాటా మా మాటా దగ్గరి చుట్టాలు" అని చెప్పవచ్చు, అబద్ధం కాదు.

ఇంకో పాత మాట "బు జ్యూన్", పంపకం సమంగా లేకపోవడం. రాజ్యం ఏలేవాడు తక్కువుందని దిగులుపడకూడదు, సమంగా అందట్లేదని దిగులుపడాలి అని కన్ఫ్యూషియస్ మాట. చదువుకున్న చైనీస్ వాళ్లకు ఇది తెలిసే ఉంటుంది. ఇంగ్లీషు ఇనిక్వాలిటీలో బు పింగ్‌డెంగ్ ఉంది, బు జ్యూన్ కూడా ఉంది. హోదాలో తేడా ఒకటి, పంపకంలో తేడా ఒకటి.

సింగపూర్_లక్ష్మి
నెల్లూరుగారూ, నేను వెతుకుతున్నది ఇదే. అందుకే నా క్లాసులో ఎవరైనా ఇనిక్వాలిటీ అని ఊరికే రాస్తే పక్కన "దేంట్లో?" అని రాస్తాను. ఇన్‌కమ్‌లోనా, హోదాలోనా, అవకాశంలోనా? ఇనిక్వాలిటీ ఇన్ ఏమిటి, ఇనిక్వాలిటీ ఆఫ్ ఏమిటి, బిట్వీన్ ఎవరెవరు? జవాబు రాయలేకపోతే ఆ మాట అక్కడ అక్కర్లేదు. పద్మ స్నేహితురాలి ఎత్తుల వాక్యం ఈ ప్రశ్నకే పడిపోతుంది.

షాంఘై_పద్మ
మంగళవారం అయిపోయింది. ముందుగా అందరికీ థాంక్స్. ట్రీటీ ఉదాహరణ చెప్పగానే ఇద్దరూ ఒకేసారి "ఆఁ" అన్నారు. జంటలు రాసుకున్నారు. సమ సంగతి చెబితే ఒకావిడ వాళ్ల అమ్మమ్మకు ఫోన్ చేసి మరీ చెప్పింది, ఆవిడ రోజూ బుద్ధుడికి దండం పెట్టుకునే మనిషట. సామెత అడిగాను మాస్టారూ, "ఆకాశానికీ భూమికీ ఉన్నంత" అన్నారు.

తర్వాత లక్ష్మక్క చెప్పినట్టు "దేంట్లో?" అని అడిగాను. వ్యాసం రాసినావిడ కాసేపు మాట్లాడలేదు. వాళ్ల అమ్మానాన్నలు అన్‌హుయి పల్లె నుంచి పనికోసం షాంఘై వచ్చారు. ఈవిడ ఇక్కడే పెరిగింది. కానీ హుకోవ్ పల్లెదే. 1958 నుంచి ఉన్న నమోదు పద్ధతి, ఎవరి హుకోవ్ ఎక్కడుంటే వాళ్ల హక్కులు అక్కడే. కాలేజీలో చేరడానికి రాసే గావ్‌కావ్ పరీక్ష ఇక్కడ రాయనివ్వరని పదిహేనేళ్లప్పుడు ఒక్కదాన్నే పల్లెకు పంపారట. సిలబస్ వేరు, యాస వేరు, అమ్మ ఇక్కడ. ఇదంతా చైనీస్‌లో చెప్పింది, నాకు సగమే అర్థమైంది, రెండో ఆవిడ మిగతాది చెప్పింది. మూడేళ్లుగా పక్క ఫ్లాట్‌లో ఉన్న మనిషి, నాకు ఇది తెలియదు.

తర్వాత పెన్ను తీసుకుని ఇలా రాసింది:

"మై క్లాస్‌మేట్స్ అండ్ ఐ శాట్ ఇన్ ద సేమ్ రూమ్, బట్ వుయ్ హ్యాడ్ అన్‌ఈక్వల్ రైట్స్. దిస్ ఈజ్ ఇనిక్వాలిటీ ఇన్ ఎడ్యుకేషన్."

నేను ఎర్ర పెన్ను ముట్టుకోలేదు. ఆఫ్ ఆపర్చునిటీ అంటే ఇంకా బాగుంటుందా? లేక ఇన్ ఎడ్యుకేషన్ ఉంచేయమంటారా?

హైదరాబాద్_ఎకనామిక్స్
ఇనిక్వాలిటీ ఆఫ్ ఆపర్చునిటీ అన్నది స్థిరపడిన మాట, పరీక్షలో మార్కులు పడతాయి.

సింగపూర్_లక్ష్మి
ఉంచేయ్ పద్మా. ఆవిడకు జరిగింది చదువులో. ఆపర్చునిటీ తర్వాతి వాక్యంలో రాయించు.

డాక్టర్_నాన్‌జింగ్
నన్నడిగితే ఇక్కడ ఇనెక్విటీ కూడా సరిపోతుంది. తప్పించదగిన తేడాయే కదా అది. బు గోంగ్‌పింగ్ అని చెప్పి అడగండి అక్కా, ఏది రాయాలో ఆవిడే చెబుతుంది.

షాంఘై_పద్మ
అడిగాను, ఇప్పుడే మెసేజ్ పెట్టింది. "రెండూ రాస్తాను" అంది.